జనగణనలో మన జవాబు – మన ఊరికి ఆధారం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద ఉపాధ్యాయుల తరఫున మేము చదువుల గురించే మాట్లాడుతూ వచ్చాం. ఈసారి జనాభా లెక్కల గురించి మాట్లాడతామని చెబితే కార్యదర్శి గారు కొంచెం ఆశ్చర్యపోయారు. "దాతల సభలో జనాభా లెక్కలేమిటండీ?" అన్నారు. మా జవాబు ఇది. మీరిచ్చే జకాతు, సదకా ఎవరికి అందాలో నిర్ణయించడానికి సొసైటీ ముందుగా ఒక జాబితా రాసుకుంటుంది. ఎంతమంది వితంతువులు, ఎంతమంది చదువుకునే పిల్లలు, ఏ వీధిలో ఎవరున్నారు అని చూసుకున్నాకే డబ్బు కదులుతుంది. పంచాయతీ అయినా, ప్రభుత్వమైనా చేసేది అదే. వాళ్ల జాబితాకు జనగణన ఆధారం. మన జాబితాలో పేరు లేని పిల్లాడికి మన స్కాలర్‌షిప్ అందనట్టే, ఆ లెక్కలో లేని మనిషికి అక్కడ వాటా పడదు.

లెక్కపెట్టడం మనకు కొత్త సంగతి కాదు. మదీనాలో ప్రవక్త (స) ఇస్లాం స్వీకరించినవారి పేర్లు రాయించారనీ, 1,500 మంది తేలారనీ హదీసులో ఉంది. హజ్రత్ ఉమర్ (ర) కాలంలో దీవాన్ అని పేర్ల పట్టీ పెట్టి, దాన్ని చూసి భృతి పంచారు. ముందు పేర్లు రాశారు, ఆ తర్వాతే పంచారు. ఆ వరస ఈనాటికీ మారలేదు.

మన దేశంలో 2021లో జరగాల్సిన జనగణన కోవిడ్ వల్ల ఆగింది. ఇప్పుడు 2027 జనగణన జరపబోతున్నట్టు 2025 జూన్ 16న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మొదటి దశలో, 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపల, ఒక్కో రాష్ట్రంలో 30 రోజుల పాటు ఇళ్ల జాబితా రాస్తారు. రెండో దశలో, 2027 ఫిబ్రవరిలో, మనుషులను లెక్కిస్తారు. 2027 మార్చి 1 అర్ధరాత్రి సున్నా గంటలకు దేశంలో ఎవరెవరున్నారన్నదే అసలు లెక్క. అంటే మన తలుపు తట్టే రోజు దగ్గరకొచ్చింది. అందుకే ఈ మాటలు ఇప్పుడే చెప్పాలనుకున్నాం.

ఆరో వరుస

ఈ పనిలో ఇల్లిల్లూ తిరిగేది ఎక్కువగా మా ఉపాధ్యాయులే. 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు మేము కూడా సంచీ భుజాన వేసుకుని మాకిచ్చిన బ్లాకులో తిరిగాం. బ్లాకంటే సుమారుగా 120 నుంచి 150 ఇళ్లు. ముందు ఆ బ్లాకు పటం గీయాలి. ఏ సందు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, కాలువ ఎటుందో, మసీదు ఎటుందో గీసి ప్రతి ఇంటికీ నంబరు వేయాలి. పటం తప్పితే ఇళ్లు తప్పుతాయి, ఇళ్లు తప్పితే మనుషులు తప్పుతారు.

కాలువ గట్టు పక్కన ఒక ఇంట్లో పెద్దావిడ గడప మీద కూర్చుని ఉంది. "అమ్మా, ఇంట్లో ఎంతమంది?" అంటే "అయిదుగురం మాస్టారూ" అంది. అయిదుగురి వివరాలూ రాసుకుని లేవబోతుంటే, ఎనిమిదేళ్ల పిల్ల బిందెతో నీళ్లు పట్టుకుని లోపలికి వెళ్లింది. "ఈ అమ్మాయెవరమ్మా?" అన్నాం. "అది మా కూతురి పిల్ల. కూతురు పోయింది. అప్పటినుంచీ ఇక్కడే ఉంటోంది. కానీ దాని ఇంటిపేరు వేరు కదా, అందుకని చెప్పలేదు" అంది. ఫారంలో ఆరో వరుసలో ఆ పిల్ల పేరు రాశాం.

ఆవిడేమీ దాచాలనుకోలేదు. కుటుంబం అంటే ఇంటిపేరు అనుకుంది. జనగణనకు ఇంటిపేరుతో పనిలేదు. ఒకే పొయ్యి మీద వండిన అన్నం తింటూ కలిసి ఉండేవాళ్లంతా ఒక కుటుంబమే. ఆ రోజు బిందె కోసం ఆ పిల్ల బయటకు రాకపోయి ఉంటే, దేశం లెక్కలో ఒక ఆడపిల్ల తగ్గేది. బడి ఈడు పిల్లల వరుసలో ఒకటి తగ్గేది. చదువు వచ్చినవారి వరుసలో కూడా ఒకటి తగ్గేది, ఎందుకంటే ఆ పిల్ల రెండో తరగతి పుస్తకం గడగడా చదివి మాకు వినిపించింది.

ఫారం ఎక్కడికి పోతుంది?

మేము రాసిచ్చిన ఫారాలను ముందు సూపర్‌వైజరు చూస్తారు. ఒక్కో సూపర్‌వైజరు కింద ఆరుగురు ఎన్యూమరేటర్లుంటారు. అక్కణ్ణుంచి అవి చార్జి ఆఫీసరుకు వెళ్తాయి. పల్లెల్లో తహసీల్దారు, పట్టణాల్లో మునిసిపల్ కమిషనరు ఆ బాధ్యత చూస్తారు. తర్వాత ఫారాలన్నీ జనగణన శాఖ కేంద్రాలకు చేరితే, అక్కడ స్కానింగు చేస్తారు. చేతిరాతను గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు అంకెలను చదువుతుంది. దానికి అర్థంకాని చోట మనిషి చూసి సరిచేస్తారు. వృత్తి, భాష లాంటి మాటలకు ఒక్కోదానికి ఒక్కో కోడు వేస్తారు. అయిదేళ్ల పిల్లకు పెళ్లయిందని పడితే అలాంటి పొరపాట్లు వెతుకుతారు. ఆ తర్వాత కూడికలు మొదలవుతాయి. బ్లాకులు కలిస్తే ఊరు, ఊళ్లు కలిస్తే మండలం, మండలాలు కలిస్తే జిల్లా.

మన రావులపాలెం వాళ్లకు అరటి మార్కెట్ యార్డు పోలిక చెబితే సులువుగా తెలుస్తుంది. లంకల నుంచి తెల్లవారుజామున వచ్చిన గెలలు ఒక కుప్పగా పడి ఉన్నంతసేపు వాటికి ధర కట్టలేరు. కర్పూరం ఒకవైపు, చక్కెరకేళి ఒకవైపు, అమృతపాణి ఒకవైపు వేరుచేసి, లెక్కపెట్టి, వరసలు పేర్చాకే పాట మొదలవుతుంది. ఇంటింటి జవాబులు కూడా కుప్పగా ఉన్నంతవరకు ఎవరికీ ఉపయోగపడవు. వయసు వారీగా, ఆడ మగ వారీగా, చదువు వారీగా, పని వారీగా పేర్చాకే అవి పంచాయతీకి పనికొస్తాయి. కుప్పలోకి రాని గెలకు పాటలో ధర రాదన్నది మీకు తెలిసిందే.

పంచాయతీ చేతికి ఏమొస్తుంది?

కూడికలన్నీ అయ్యాక ప్రతి గ్రామానికీ ఒక వరుస తయారవుతుంది. దాన్ని ప్రాథమిక జనగణన సారం అంటారు. ఊళ్లో ఎన్ని కుటుంబాలు, ఎంతమంది జనం, ఆరేళ్ల లోపు పిల్లలెందరు, ఎస్సీ ఎస్టీలెందరు, చదువు వచ్చినవారెందరు, పనిచేసేవారెందరు, వారిలో సొంత సేద్యం చేసేవారు, కూలీలు, ఇంటి పరిశ్రమవారు, ఇతర పనులవారు ఎందరు అన్నవి ఆడ మగ విడివిడిగా ఉంటాయి. ఊళ్లో ఏయే సౌకర్యాలున్నాయో చెప్పే వివరాలు జిల్లా జనగణన పుస్తకంలో వస్తాయి. ఇవేవీ రహస్యాలు కావు. ఎవరైనా చూడవచ్చు.

ఈ వరుసతో ఏం చేస్తారో చూద్దాం. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ పంచాయతీలో వార్డు సభ్యులు 5 నుంచి 21 మంది దాకా ఉండవచ్చు. ఎంతమంది అన్నది జనాభా మీద ఆధారపడుతుంది. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల నిధులను రాష్ట్రాల మధ్య పంచినప్పుడు 90 పాళ్లు జనాభాకు, 10 పాళ్లు విస్తీర్ణానికి లెక్కవేసింది. ఆ జనాభా 2011 జనాభానే. మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000 మందికి ఒక ఉపకేంద్రం, సుమారు 400 నుంచి 800 మందికి ఒక అంగన్‌వాడీ అన్నవి నిబంధనలు. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు సుమారు 2,000 మందికి ఒకటి అన్నారు. 2013 ఆహార భద్రత చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎంతమందికి చవక బియ్యం అన్నదీ 2011 జనాభా మీదే తేలింది.

బడి లెక్క ఒకటి చెబుతాం, ఇది మా సొంత విషయం. ఒక ఊళ్లో ఆరేళ్ల లోపు పిల్లలు 600 మంది ఉన్నారనుకుందాం. సున్నా నుంచి ఆరు దాకా ఏడు వయసులు. 600ను ఏడుతో భాగిస్తే వయసుకు సుమారు 86 మంది. అంటే ప్రతి జూన్‌లోనూ ఒకటో తరగతికి ఆ ఊరి నుంచి దాదాపు 86 మంది రావాలి. బడుల్లో చేరింది 70 మందే అయితే మిగతా 16 మంది ఎక్కడున్నారు? ఆ ప్రశ్న గ్రామసభలో లేచి అడగడానికి మనకు ఆధారం ఆ 600 అన్న అంకే. పిల్లలు బయటికి వెళ్లి ఉండవచ్చు, వేరే ఊరి బడిలో చేరి ఉండవచ్చు, ఏ పనిలోనో పెట్టి ఉండవచ్చు. వెతకాలని చెప్పేది మాత్రం అంకే.

పాత లెక్కతో కొత్త ఊరు

ఇప్పుడు మన చేతిలో ఉన్న అంకెలు 15 ఏళ్ల నాటివి. 2011 ఫిబ్రవరిలో పుట్టిన పిల్ల ఈ ఏడు పదో తరగతి పరీక్షకు కూర్చుంటోంది. ప్రభుత్వ పట్టికల్లో ఆ పిల్ల ఇంకా సున్నా నుంచి ఆరేళ్ల వరుసలోనే ఉంది. ఆనాడు మేము ఆరో వరుసలో రాసిన అమ్మాయికి ఇప్పుడు 23 ఏళ్లు.

ఆ తర్వాత జిల్లా కూడా మారింది. 2011లో మనం తూర్పు గోదావరి జిల్లా వాళ్లం. అప్పటి జిల్లా జనాభా 51,54,296. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా వచ్చింది. పాత మండలాల అంకెలను ఏరి కూడితే కొత్త జిల్లా జనాభా సుమారు 17.19 లక్షలు అని తేలింది. పునాదిలో ఊరి వరుసలు సరిగా ఉన్నాయి కాబట్టి జిల్లాను ఎలా విడదీసినా మళ్లీ కూడుకోగలిగాం. ఊరి వరుసే తప్పుగా ఉంటే పైన ఎన్ని జిల్లాలు చేసినా ఆ తప్పు వెంట వస్తుంది.

తక్కువమందిమి కాబట్టే

మన జిల్లాలో ముస్లింలు తక్కువ. ఒక ఊళ్లో ఒక వీధి, ఇంకో ఊళ్లో మసీదు చుట్టూ పది ఇళ్లు. ఇలా చెదిరి ఉన్నవాళ్లు జిల్లా సగటులో కనబడరు. జిల్లా అక్షరాస్యత బాగుందంటే మన వీధి అక్షరాస్యత బాగున్నట్టు కాదు. కొద్ది ఇళ్లను ఎంచి అడిగే నమూనా సర్వేల్లో మన వీధికి ఎవరూ రాకపోవచ్చు. అందరి ఇంటికీ వచ్చేది జనగణన ఒక్కటే. కాబట్టి తక్కువమంది ఉన్నచోట దాని అవసరం ఎక్కువ.

2005లో ప్రధానమంత్రి నియమించిన జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. ముస్లింల చదువు గురించి అది చెప్పిన అనేక సంగతులకు 2001 జనగణన పట్టికలే మూలం. దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశ సగటు కంటే తక్కువ అని అందులో తేలింది. 2001 జనగణన అంకెల ఆధారంగానే తర్వాత 90 అల్పసంఖ్యాక జిల్లాలను ఎంచి బడులకు, హాస్టళ్లకు నిధులిచ్చారు. ఆ పట్టికల వెనక ఉన్నది ఎవరో గొప్పవాళ్లు కాదు. 2001లో తలుపు తీసి ఓపిగ్గా జవాబు చెప్పిన కోట్లమంది మామూలు మనుషులు.

ఒక సంగతి దాతలు గుర్తుంచుకోవాలి. ఊరి వరుసలో మతం కాలమ్ ఉండదు. మతాల వారీ జనాభా మండలం, పట్టణం స్థాయిలో దొరుకుతుంది. చదువు, పని వివరాలతో కలిపి చూడాలంటే ఇంకా పై స్థాయికి వెళ్లాలి. ఆదాయం జనగణన అడగదు. కాబట్టి ఫలానా వీధిలో ఎంతమంది పేద ముస్లిం పిల్లలున్నారో అందులో దొరకదు. అది మన సొసైటీ జాబితా పని. జనగణనతో ఊరి కొలత తెలుస్తుంది, మన జాబితాతో మన వీధి తెలుస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే మీ డబ్బు సరైన ఇంటికి చేరుతుంది.

తప్పిపోయినవాళ్లు

జనగణన అయ్యాక ఎంతమంది తప్పిపోయారో తెలుసుకోవడానికి కొన్ని బ్లాకుల్లో మళ్లీ సర్వే చేస్తారు. 2011లో దేశం మొత్తం మీద వెయ్యికి 23 మంది లెక్కలోకి రాలేదని తేలింది. వెయ్యికి 23 చిన్నదే అనిపిస్తుంది. 405 మంది ఉన్న ఒక పేటలో ఆ చొప్పున తప్పితే లెక్క 396కు దిగుతుంది. అంగన్‌వాడీకి 400 కావాలన్న చోట ఆ తొమ్మిదిమందే అడ్డం.

మా తప్పు కూడా ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. 2011లో మా బ్లాకులో ఒక అద్దె గదికి తాళం ఉంది. రెండుసార్లు వెళ్లాం. రెండుసార్లూ తాళమే. లోడింగు పనికి వచ్చినవాళ్లు, పొద్దున్నే పోయి రాత్రికి వస్తారని పక్కింటివాళ్లు చెప్పారు. రాత్రి ఒకసారి వెళ్లాలనుకున్నాం. చివరి రోజుల్లో ఫారాలు సర్దుకునే హడావిడిలో వెళ్లలేదు. తాళం అని రాసి అప్పగించేశాం. జూన్‌లో బడి తెరిచాక ఇద్దరు పిల్లలు మా తరగతిలో చేరారు. చిరునామా అడిగితే ఆ గదే. తల్లీ తండ్రీ కలిపి నలుగురు. మేము వెళ్లి ఉంటే నాలుగు వరుసలు నిండేవి. మాది పెద్ద తప్పు అని ఎవరూ అనలేదు, ఎవరికీ తెలియదు కూడా. హాజరు పిలిచినప్పుడల్లా మాకు మాత్రం గుర్తొచ్చేది.

పక్క రాష్ట్రం తెలంగాణలో 2024 నవంబరులో కులగణన సర్వే మొదలైంది. 3.1 శాతం మంది అందులోకి రాలేదు. వాళ్లకోసం 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 దాకా మళ్లీ అవకాశం ఇచ్చారు. అక్కడ రెండో అవకాశం దొరికింది. జనగణనలో తప్పిపోతే మళ్లీ లెక్కకెక్కేది తర్వాతి జనగణనలోనే.

భయం సంగతి

మనవాళ్లలో కొందరికి ఈ ఫారం అంటే భయం ఉంది. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసిపారేయం. అందుకే చట్టంలో ఉన్నదే చెబుతాం. 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం మీరు చెప్పిన వివరాలు ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరావు. బయటికి వచ్చేవి కూడికలే, మీ ఇంటి ఫారం కాదు. జనగణనలో ఏ కాగితమూ చూపమని అడగరు. మీరు చెప్పింది రాసుకోవాలి, అంతే. జవాబు చెప్పడం కూడా అదే చట్టం ప్రకారం మన బాధ్యత.

ఆడవాళ్ల విషయంలో ఈ చట్టం చాలా మర్యాద చూపించింది. ఇంట్లో ఆడవాళ్ల పేరు చెప్పి తీరాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఆచారం ప్రకారం భర్త పేరు పలకని స్త్రీని ఆ పేరు చెప్పమనకూడదు. పేరు చెప్పకపోయినా ఫరవాలేదు, మనిషిని మాత్రం లెక్కలోంచి తీసేయకండి.

2010లో ఇళ్ల జాబితాతో పాటు జాతీయ జనాభా రిజిస్టరు అని ఇంకో ఫారం కూడా నింపారు. అది జనగణన చట్టం కింద కాదు, పౌరసత్వ చట్టం కింద 2003లో చేసిన నిబంధనల ప్రకారం. రెండూ ఒకటే అనుకోవడం వల్లే చాలా గందరగోళం వచ్చింది. మీ ఇంటికొచ్చినవారిని "ఇది ఏ ఫారం అండీ?" అని అడగడం తప్పేమీ కాదు. జనగణన ఫారం అని తెలిశాక తలుపు వేసుకోకండి. తలుపు వేసుకుంటే మన వీధే తగ్గుతుంది.

మనం తప్పు చెప్పే చోట్లు

మేము తిరిగిన అనుభవంలో జవాబులు ఎక్కడ తప్పుతాయో చెబుతాం.

మొదటిది, దేశం దాటినవాళ్లు. కువైట్‌లో, దుబాయ్‌లో, ఖతర్‌లో ఉన్న కొడుకును తల్లి ఇంట్లోవాళ్లతో కలిపి చెబుతుంది. తల్లి మనసు అది. కానీ లెక్కించే రోజులన్నీ అక్కడే ఉండి ఆ మధ్య తిరిగిరాని మనిషిని ఇక్కడ రాయకూడదు.

రెండోది, పసిపిల్లలు. ఇంకా పేరు పెట్టలేదని, నెల కూడా నిండలేదని వదిలేస్తారు. మార్చి 1కి ముందు పుట్టి బతికున్న ప్రతి బిడ్డా లెక్కలోకి రావాలి. పేరు లేకపోతే "పాప" అని రాస్తారు.

మూడోది, ఆడవాళ్ల పని. "మీ ఆవిడ ఏం చేస్తారు?" అంటే "ఏమీ చేయదు, ఇంట్లోనే" అంటారు. అదే ఇంట్లో కుట్టుమిషను తిరుగుతూ ఉంటుంది. పండగ ముందు రాత్రింబవళ్లు బట్టలు కుట్టిన ఆవిడ పని లేనివారి వరుసలో పడుతుంది. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పనిచేస్తే ప్రధాన కార్మికులు, తక్కువైతే ఉపాంత కార్మికులు. రెండింటికీ కాలములున్నాయి. పని చెప్పకపోతే, ఈ ఊళ్లో ఆడవాళ్లకు కుట్టు శిక్షణ కేంద్రం అవసరమని రేపు ఏ అంకె చూపించి అడుగుతాం?

నాలుగోది, మాతృభాష. మన డెల్టాలో కొన్ని ఇళ్లల్లో ఉర్దూ, కొన్ని ఇళ్లల్లో తెలుగే. చిన్నప్పుడు తల్లి మాట్లాడిన భాష చెప్పాలి. గొప్పకోసం ఒకటి, మొహమాటానికి ఒకటి చెబితే ఉర్దూ టీచరు ఏ బడిలో కావాలో తేలదు. వచ్చిన మిగతా భాషలకు వేరే చోటుంది.

అయిదోది, మతం, కులం. మన నూర్‌బాషా కుటుంబాల్లో కొందరి పేర్లు వింటే తెలుగు పేర్లలాగే ఉంటాయి. ఎన్యూమరేటరు పేరును బట్టి మతం ఊహించి రాయకూడదు, అడిగి రాయాలి. మీరూ అడిగించుకోండి. 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం ప్రకారం ఈసారి కులం కూడా రాస్తారు. మన రాష్ట్రంలో దూదేకులవారు బీసీ-బీలో, 2007 చట్టం కింద మరో 14 ముస్లిం వర్గాలు బీసీ-ఈలో ఉన్నాయి. ఒకే ఇంట్లో అన్న ఒకటి, తమ్ముడు ఒకటి చెప్పకుండా, ఉన్నదే చెప్పండి.

దాతలను మేము కోరేది

ఈసారి ఎన్యూమరేటర్లు మొబైల్ యాప్‌లో రాస్తారు. కావాలంటే ఎవరి వివరాలు వారే ఆన్‌లైన్‌లో నింపుకునే వీలు కూడా ఇచ్చారు. చదువుకున్న పిల్లలున్న ఇంటికి ఇది సులువు. వాళ్లు లేని ఇంటికి కష్టం. అందుకని మీ ముందు నాలుగు పనులు పెడుతున్నాం.

ఇళ్ల జాబితా మొదలయ్యే ముందు నాలుగు శుక్రవారాలు జుమా నమాజు తర్వాత అయిదు నిమిషాలు ఈ విషయం చెప్పించండి. ఇమాం సాహెబ్ గారు ఒప్పుకున్నారు. లెక్కింపు జరిగే రోజుల్లో ఇద్దరు డిగ్రీ విద్యార్థులను సాయంత్రం పూట మసీదు వరండాలో కూర్చోబెట్టండి. ఫారంలో ఏ ప్రశ్నకు ఏం అడుగుతున్నారో వాళ్లు చెబుతారు. జవాబు మాత్రం ఇంటివాళ్లదే. ఇంకొకరి జవాబు వీళ్లు రాయకూడదు. మూడోది, పొద్దున్నే పనికిపోయి రాత్రికి తిరిగొచ్చే ఇళ్లు ఏవో ఎన్యూమరేటరుకు చెప్పే మనిషి ప్రతి వీధికీ ఒకరుండాలి. మేము తప్పిన ఆ తాళం గది మళ్లీ తప్పకూడదు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఊరి అంకెలు బయటికొచ్చిన రోజున సొసైటీ వాటిని తెప్పించుకోవాలి. మన స్కాలర్‌షిప్ జాబితా పక్కన పెట్టి చూడాలి. బడి ఈడు పిల్లలెందరు, బడిలో ఉన్నవారెందరు, చదువురాని ఆడవాళ్లెందరు అని రాసుకుని గ్రామసభకు వెళ్లాలి. అక్కడ మనం అడిగేది మన వీధికోసమే కాకూడదు. అంగన్‌వాడీ వస్తే పక్క వీధి పిల్లలకూ వస్తుంది. కాలువ మీద వంతెన పడితే అందరూ నడుస్తారు. 2022 జూలై వరదలప్పుడు లంకల్లో నీళ్లు ఎవరి గడపనూ వేరుగా చూడలేదని మనకు తెలుసు.

ఇందుకు పెద్దగా డబ్బు ఖర్చు కాదు. మనిషి కావాలి, ఓపిక కావాలి. మీరు ఇన్నేళ్లుగా సొసైటీకి ఇచ్చిన ప్రతి రూపాయినీ కార్యదర్శి గారు పుస్తకంలో రాసి, ఏటా ఈ సభలో లెక్క చెబుతున్నారు. లెక్క రాసినచోట నమ్మకం నిలబడుతుందని మీకు వేరే చెప్పక్కర్లేదు. మన ఇంటి లెక్క కూడా అంతే నిజాయితీగా చెబుదాం. ఇంట్లో ఆరుగురుంటే అయిదుగురని చెప్పకుండా, ఏడుగురని కూడా చెప్పకుండా, ఆరుగురనే చెబుదాం.

అల్లాహ్ మన ఊరికి, మన పిల్లల చదువులకు, మీ దానాలకు బరకత్ ఇవ్వాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాం.